గ్రూప్స్ రాసి మేలు చేయాలనుకునే క్రైస్తవ యువకుడికి: సర్టిఫికెట్ దగ్గర నుంచి సంతకం దాకా

వందనాలు తమ్ముడూ. నువ్వు అడిగింది క్లుప్తంగా ఇదీ: దేవరకొండ దగ్గర ఊరు, డిగ్రీ అయింది, 23 ఏళ్లు. గ్రూప్స్ రాసి ఆఫీసరై పేదోళ్లకు పనికొచ్చే పని చేయాలని ఉంది. మీ పాస్టర్ గారేమో సర్కారు కొలువంటే లంచాల బురద, దిగితే విశ్వాసం నిలవదంటున్నారు. ఇంట్లో వాళ్లేమో ‘ముందు ఎస్సీ సర్టిఫికెట్‌తో నౌకరి కొట్టు, మిగతాది తర్వాత చూద్దాం’ అంటున్నారు. నువ్వు బాప్తిస్మం తీసుకున్నావు. ఏ పోస్టు మంచిది, ఎక్కడ మొదలుపెట్టాలి?

పాస్టర్ గారి మాటకు జవాబు చిన్నదే. దానియేలు పనిచేసింది బబులోను రాజు కొలువులో. రాజు భోజనం వద్దన్నాడు గానీ రాజు లెక్కలు వద్దనలేదు. గిట్టనివాళ్లు అతని పని అంతా తవ్వి చూసినా తప్పు దొరకలేదని ఆరో అధ్యాయంలో ఉంది. ఇవాళ్టి మాటల్లో చెప్తే విజిలెన్స్ ఎంక్వైరీలో ఏమీ తేలలేదు. బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి సుంకరులు వచ్చి ఏం చేయాలని అడిగితే ఉద్యోగం మానుకోమనలేదు, నిర్ణయించినదానికన్నా ఎక్కువ వసూలు చేయొద్దన్నాడు. పాస్టర్ గారి భయం ఉత్తది కాదు, దాని సంగతి కింద చెప్తాను. కానీ అది కొలువు మానుకోవడానికి కారణం కాదు.

ఇంట్లో వాళ్ల మాట గురించే ఎక్కువ చెప్పాలి. నీ మొదటి పరీక్ష ప్రిలిమ్స్ కాదు, ఆ సర్టిఫికెట్టే.

1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు కాక వేరే మతాన్ని అవలంబించేవారు ఎస్సీ కిందికి రారు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఈ నిబంధన న్యాయమేనా అన్నది వేరే చర్చ. ఆ సంగతి చూడమని 2022లో కేంద్రం జస్టిస్ కె.జి.బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది కూడా. ఉత్తర్వు మారేదాకా అమల్లో ఉన్నది మాత్రం ఇదే. 2024 నవంబర్‌లో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: బాప్తిస్మం తీసుకుని క్రైస్తవాన్ని అవలంబిస్తూ, రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని. పుదుచ్చేరిలో గుమస్తా ఉద్యోగం కోసం వచ్చిన కేసు అది. గోడకు సిలువ పటం ఉన్నంత మాత్రాన, చర్చికి వెళ్లినంత మాత్రాన మతం మారినట్టు కాదని మద్రాసు హైకోర్టు అన్న సందర్భమూ ఉంది. కానీ నీ విషయంలో ఆ దారి లేదు. బాప్తిస్మం అయింది, సంఘం రిజిస్టర్‌లో పేరుంది, నువ్వే విశ్వాసినని చెప్పుకుంటున్నావు.

మన దగ్గర ఇది ఎంత మామూలైపోయిందో అందరికీ తెలుసు. ఇంటింటికీ ఉన్నదేగా అంటారు. ఏం జరుగుతుందో చెప్తాను విను. ఉద్యోగం వచ్చిన రోజున ఎవరూ అడగరు. పదేళ్లకు ప్రమోషన్ వరసలో నీ వెనకున్నవాడో, నువ్వు ఫైలు ఆపిన కాంట్రాక్టరో కలెక్టరేట్‌లో ఒక అర్జీ పడేస్తాడు. 1993 నాటి కుల ధ్రువీకరణ పత్రాల చట్టం కింద అది జిల్లా స్థాయి స్క్రూటినీ కమిటీకి పోతుంది. వాళ్లు ఊరికి వచ్చి విచారిస్తారు, పెళ్లి ఎక్కడ ఎవరు చేశారో అడుగుతారు, చర్చి రిజిస్టర్ తెప్పిస్తారు. సర్టిఫికెట్ రద్దయితే ఉద్యోగం పోతుంది, క్రిమినల్ కేసు కూడా తప్పదు. అంతకన్నా ముఖ్యం, ఆ అర్జీ నిజంగా పడక్కర్లేదు. ‘నీ సంగతి నాకు తెలుసు’ అని ఒక్కడు అంటే చాలు, ఆ రోజు నుంచి వాడు చెప్పిన చోట సంతకం పెట్టాల్సిందే. లంచం తీసుకోని ఆఫీసరును కూడా మెడపట్టి ఆడించే తాడు ఇదొక్కటే.

నీకున్న సరైన దారి బీసీ-సి. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు, వాళ్ల సంతానం ఈ గ్రూపులోకి వస్తారు. రాష్ట్రంలో వాటా 1 శాతం. కేంద్ర ఓబీసీ జాబితాలో కూడా ఈ పేరుంది కాబట్టి యూపీఎస్సీ, ఎస్సెస్సీ, రైల్వే పరీక్షలకు ఓబీసీగా రాయొచ్చు. మీసేవలో దరఖాస్తు పెట్టు. పదో తరగతి మెమో, తండ్రి కుల పత్రం, బాప్తిస్మం పత్రం, ఆధార్ దగ్గర పెట్టుకో. ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణకు వచ్చినప్పుడు ఇంట్లో అందరూ ఒకటే మాట చెప్పాలి. నువ్వు బీసీ-సి అడుగుతుంటే మీ నాయన ‘మేం హిందువులమే’ అంటే ఫైలు అక్కడే ఆగుతుంది. దీంతోపాటు నాన్ క్రీమీలేయర్ పత్రం, అంటే బీసీల్లో సంపన్న శ్రేణి కాదనే పత్రం, వేరుగా తీసుకోవాలి. చాలామంది ఇది మర్చిపోయి సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజు హైదరాబాద్ నుంచి తహసీల్దార్ ఆఫీసుకు పరుగులు పెడతారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ లాంటి ఆర్థిక సాయం సంగతి వేరు; చట్టంలో లేకుండా ప్రభుత్వం తనకు తానుగా ఇచ్చే రాయితీలను 1977 నాటి జీవో 341 క్రైస్తవంలోకి మారినవాళ్లకూ వర్తింపజేసింది. దాన్ని చూసి ఉద్యోగ రిజర్వేషన్ కూడా ఉందనుకోవద్దు.

మీ తండాలోని లంబాడా స్నేహితులు విశ్వాసులైతే వాళ్లకు ఈ తిప్పలు లేవు. ఎస్టీ హోదాకు మతంతో పని లేదు.

ఒక్క శాతం అంటే ఏమిటో నిజం ఒప్పుకోవాలి. వంద పోస్టులకు ఒకటి. చిన్న శాఖలో రోస్టర్ (ఏ పోస్టు ఏ వర్గానికో చెప్పే వరస) నీ దాకా రావడానికే రెండు మూడు నోటిఫికేషన్లు పడతాయి. అందుకే నిన్ను నువ్వు ఓపెన్ మెరిట్ అభ్యర్థిగానే లెక్కేసుకుని చదువు. బీసీ వాళ్లకు వయసులో 5 ఏళ్ల సడలింపు ఉంటుంది, ఓపెన్ మార్కులు తెచ్చుకుంటే ఓపెన్ పోస్టే వస్తుంది. కటాఫ్ చూసేటప్పుడు ఎస్సీ అంకె చూసి సంబరపడొద్దు, ఓసీ అంకె చూసి ప్లాన్ వేసుకో.

లోకల్ సంగతి ఒకటి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడే లోకల్. 95 శాతం పోస్టులు లోకల్ వాళ్లకే. నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, జనగామ యాదాద్రి జోన్. మహబూబ్‌నగర్, నారాయణపేట, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ జోగులాంబ జోన్. అమ్మానాన్న కూలికి హైదరాబాద్ పోతే అక్కడి బడిలో నాలుగేళ్లు చదివిన పిల్లలు మన వైపు చాలామంది. వాళ్లు పుట్టింది దేవరకొండైనా లోకల్ చార్మినార్ జోన్. మూతపడ్డ ప్రైవేటు బడిలో చదివితే బోనఫైడ్ దొరకడం పెద్ద పని, ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసు చుట్టూ తిరగాలి. ఆ పని ఇప్పుడే తెముల్చుకో.

పరీక్షల విషయం త్వరగా చెప్పేస్తాను, దీని మీద వెయ్యి వీడియోలున్నాయి. గ్రూప్-2 అంటే 150 మార్కుల పేపర్లు నాలుగు, మొత్తం 600. గ్రూప్-3 అందులో మొదటి మూడు పేపర్లే, 450. కాబట్టి ఈ రెండూ ఒకే చదువు. గ్రూప్-1కు ప్రిలిమ్స్ 150, మెయిన్స్‌లో అర్హత కోసం జనరల్ ఇంగ్లిష్ కాక ఆరు పేపర్లు, 900 మార్కులు. తెలుగులో రాయొచ్చు, కానీ అన్ని పేపర్లూ ఒకే భాషలో రాయాలి. మెయిన్స్‌లో మనవాళ్లు దెబ్బతినేది తెలియక కాదు, మూడు గంటల్లో అయిపోక. రోజుకు ఒక జవాబైనా గడియారం పెట్టుకుని రాయనివాడు, ఎంత చదివినా చివరి రెండు ప్రశ్నలు ఖాళీగా వదిలేసి వస్తాడు. నీకు నా సలహా: గ్రూప్-2ను గురిగా పెట్టుకో, గ్రూప్-3, 4 దారిలో రాసేయి, గ్రూప్-1 మెయిన్స్ రాత మొదటి ఏడాది దాటాక మొదలుపెట్టు. బీసీ స్టడీ సర్కిల్, మైనారిటీ స్టడీ సర్కిల్ రెండింటికీ నువ్వు అర్హుడివే. చాలామంది క్రైస్తవ పిల్లలకు రెండోది తమకు కూడా అని తెలియదు.

సమయం గురించి ముందే గుండె రాయి చేసుకో. 2022 గ్రూప్-1 ప్రిలిమ్స్ ఒకసారి పేపర్ లీకై, ఇంకోసారి హైకోర్టు తీర్పుతో, రెండుసార్లు రద్దయింది. చివరికి 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వేశారు. దేవుడి పిలుపు వచ్చింది కదా అని పనీపాటా మానేసి హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో గది తీసుకుని ఐదేళ్లు కూర్చుంటే ఇల్లు గుల్లవుతుంది. రెండేళ్లు గట్టిగా చదువు, ఆ తర్వాత ఏదో ఒక ఉద్యోగం చేస్తూ రాయి.

పరీక్షలు తరచూ ఆదివారమే పడతాయి. 2024లో గ్రూప్-1 ప్రిలిమ్స్ జూన్ 9, గ్రూప్-3 నవంబర్ 17న మొదలు, గ్రూప్-2 డిసెంబర్ 15న మొదలు; మూడూ ఆదివారాలే. దాన్ని మార్చమని అడిగి లాభం లేదు. ఆ వారం ఆరాధన శనివారం సాయంత్రం ఇంట్లో చేసుకో, ఇందులో పెద్ద ధర్మసంకటం ఏమీ లేదు.

ఇక ఏ పోస్టు? మేలు చేయాలంటే కలెక్టరే కావాలన్నది సినిమా నేర్పిన మాట. మన జిల్లాల్లో మనిషికీ సర్కారుకూ మధ్య గొడవంతా మండలం దగ్గరే తేలుతుంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరైడ్ చూడు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కృష్ణా నీళ్లు పైపులో వస్తున్నన్ని రోజులు బాగానే ఉంటుంది, పైపు పగిలి నాలుగు రోజులు రాకపోతే జనం మళ్లీ పాత బోరు దగ్గరికి పోతారు. కాచి తాగితే పోతుందనుకుంటారు; పోదు, నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఆ పైపు ఎన్ని గంటల్లో బాగైందన్నది పంచాయతీ కార్యదర్శి చేతిలో ఉంది. ఇక క్రిములు చావాలంటే ట్యాంకులో 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల బ్లీచింగ్ పౌడర్, అంటే 40,000 లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములు. బస్తా మూతి కట్టకుండా వదిలేస్తే ఘాటు పోయి ఎంత వేసినా పని చేయదు. అందుకే చివరి ఇంటి కుళాయి దగ్గర క్లోరిన్ కొలిచి చూడాలి, లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా ఉండాలి. వాటర్‌మన్‌తో రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుంటే అయిపోదు, ఆ కుళాయి దాకా నడవాలి. మేలు అంటే చాలాసార్లు ఇంతే.

గ్రూప్-2లో నాయబ్ తహసీల్దార్ కోసం అందరూ ఎగబడతారు. ఎగబడదగిందే. 2025 భూభారతి చట్టం వచ్చాక భూమి రికార్డుల సవరణ మళ్లీ కింది ఆఫీసులకు చేరింది. 2020 అక్టోబర్, నవంబర్‌లలో పెట్టుకున్న సాదా బైనామా (తెల్లకాగితం మీద రాసుకున్న భూమి కొనుగోలు) దరఖాస్తులు ఉన్నాయి. అమ్మినవాడి వారసులకు నోటీసు సరిగ్గా అందిందా, చేను మీద కబ్జాలో ఎవరున్నారో పోయి చూశారా అన్న రెండు పనులు నిజాయితీగా చేస్తే సగం గొడవలు తీరతాయి. నోటీసు అందినట్టు ఆఫీసులోనే వేలిముద్ర వేయించి ఫైలు నడిపితే అదే భూమి మీద ఇరవై ఏళ్ల కోర్టు కేసు పుట్టిస్తున్నట్టు.

నా లెక్కలో జనం తక్కువగా చూసే రెండు పోస్టులున్నాయి. ఒకటి అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరు పడ్డ జిల్లాలు మనవి. భవన నిర్మాణ కార్మికుడి కార్డు రెన్యూవల్ లేక ఆగిపోయి ఉండగా పరంజా మీంచి పడితే కుటుంబానికి దక్కాల్సింది దక్కదు. ప్రమాదం జరిగాక కార్డు తీసినా లాభం లేదు. పండక్కి కూలీలు ఊరికి వచ్చే వారం రోజుల్లో తండాలో క్యాంపు పెట్టి రెన్యూవల్ చేయించే ఆఫీసరు ఎన్ని కుటుంబాలను నిలబెడతాడో ఆలోచించు. రెండోది సంక్షేమ శాఖ, హాస్టళ్లు. సరుకు దింపేటప్పుడు బియ్యం తూకం వేయించడం, పాల ప్యాకెట్లు లెక్కపెట్టడం, రాత్రి హాస్టల్లో ఉండటం. ఎస్.ఆర్.శంకరన్ గారు ఐఏఎస్ అధికారిగా వెట్టి విముక్తి, సంక్షేమ హాస్టళ్ల మీదే మనసు పెట్టారు. ఆయన క్రైస్తవుడు కాదు. మేలు మన సంఘం సొత్తు కాదు గనక అలాంటివాళ్లు ఎలా పనిచేశారో నేర్చుకోవాలి. 1976 వెట్టి నిర్మూలన చట్టం కింద విముక్తి పత్రం చేతికి రాకపోతే కూలీకి పునరావాస సొమ్ము రాదు. విడిపించి లారీ ఎక్కించి పంపి, ఆ కాగితం మరిస్తే వాడు మళ్లీ అదే బట్టీకి పోతాడు.

ఎక్సైజ్ ఎస్సై కూడా గ్రూప్-2లోనే ఉంది. గుడుంబా, బెల్టుషాపులు ఆపే పనే కానీ, మద్యం ఆదాయం చూసే శాఖ కూడా అదే. మనసు ఒప్పకపోతే వెబ్ ఆప్షన్లలో ఆ పోస్టు పెట్టొద్దు. పెట్టి, వచ్చాక ఏడిస్తే ఎవరూ ఏమీ చేయలేరు. దేవాదాయ శాఖ అధికారులు మాత్రం 1987 చట్టం ప్రకారం హిందువులే అయి ఉండాలి. రాజ్యాంగం 16(5) అధికరణం దానికి వీలిచ్చింది. అది వివక్ష అనుకోకు.

లంచం సంగతికి వద్దాం. కొలువు రాకముందే మొదలవుతుంది. ‘ఎనిమిది లక్షలిస్తే పోస్టు’ అనేవాడు చర్చికి వచ్చేవాడైనా సరే, తలుపేయి. 2022 నుంచి గ్రూప్-1, 2లకు ఇంటర్వ్యూలే లేవు, వాడు అమ్మడానికి వాడి దగ్గర ఏమీ లేదు. 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తేనే రక్షణ. ఏసీబీ నంబరు 1064.

కొలువులో చేరాక ఎవరూ నోట్ల కట్టతో రారు. మొదట ‘మామూలుగా సార్లు పంచుకునేదే’ అని దీపావళికి కవరు వస్తుంది. మొదటి నెలలోనే వద్దన్నవాడికి సులువు, ఏడాది తర్వాత వద్దంటే అందరికీ శత్రువు. దరఖాస్తులు వచ్చిన వరసలోనే తీయి, ఆ వరస గోడ మీద అంటించు. తిరస్కరిస్తే ఏ కాగితం లేదో రాసి ఇవ్వు. లంచానికి పుట్టిల్లు ‘రేపు రా’ అనే మాట. నీ లాగిన్, డిజిటల్ కీ ప్రైవేటు కుర్రాడి చేతికి ఇవ్వకు. వాడు నీ పేరు చెప్పి వసూలు చేస్తే ట్రాప్ పడేది నీ మీద. పైనుంచి నోటిమాటగా తప్పుడు ఆదేశం వస్తే వాదించకు, అదే రోజు నోట్‌ఫైల్‌లో ‘ఫలానా తేదీన ఇచ్చిన మౌఖిక ఆదేశం, ధ్రువీకరించగలరు’ అని రాసి పైకి పంపు. సగం ఆదేశాలు అక్కడే చచ్చిపోతాయి. మిగతా సగానికి నిన్ను అచ్చంపేట అవతలికో, ప్రాధాన్యం లేని సీటుకో పంపుతారు. పిల్లల బడి, ఇంటి లోను ఆ బదిలీని తట్టుకునేలా పెట్టుకో. అప్పుల్లో ఉన్నవాడు ఎక్కువ రోజులు నిటారుగా నిలబడలేడు. ఇంకోటి, లంచంలో దశమభాగం కానుక పెట్టెలో వేసేవాళ్లూ ఉన్నారు. ఆ లెక్క ఏ అకౌంటెంటూ ఒప్పుకోడు, దేవుడి సంగతి చెప్పక్కర్లేదు.

నిజంగా కష్టమైన ఒత్తిడి డబ్బుది కాదు, మనవాళ్లది. నువ్వు ఆఫీసరైన వారానికే సంఘపెద్దలు వస్తారు: మందిరం స్థలానికి పట్టా, పాస్టర్ గారి తమ్ముడికి ఇందిరమ్మ ఇల్లు. ‘దేవుడు నిన్ను ఇందుకే ఆ కుర్చీలో పెట్టాడు’ అంటారు. నీ సంఘం ఫైలు వస్తే ఆ సంబంధం రాసి పై అధికారికి పంపు, నువ్వు ముట్టుకోకు. ఊళ్లో క్రైస్తవులకు సమాధి స్థలం లేకపోవడం నిజమైన బాధే. సర్వే చేయించి ప్రభుత్వ భూమి ఉంటే ప్రతిపాదన పంపడం నీ పని. కానీ అదే ఊళ్లో వేరేవాళ్ల శ్మశానానికి దారి లేకపోతే అది కూడా అంతే చురుగ్గా చెయ్యి.

ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి 1964 ఒకసారి పూర్తిగా చదువు. అనుమతి లేకుండా చందాలు వసూలు చేయకూడదు, మందిర నిర్మాణానికైనా సరే. ట్రస్టులోనో సొసైటీలోనో పదవి తీసుకునే ముందు రాసి అనుమతి తెచ్చుకో. ఆస్తి కొన్నా అమ్మినా ముందే తెలియజేయాలి, ఏటా ఆస్తుల వివరాలివ్వాలి. మనవాళ్లు ఎక్కువగా జారే చోటు ఇంకోటుంది: 2010 ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం మూడో సెక్షన్ ప్రకారం ప్రభుత్వోద్యోగి విదేశీ విరాళం తీసుకోకూడదు. అమెరికా సంఘం అనాథాశ్రమానికని నీ ఖాతాకు పంపినా నేరమే. సొంత బంధువు పంపే డబ్బు సంగతి వేరు. విదేశీ సంస్థ ఖర్చుతో సభలకు వెళ్లాలన్నా ముందస్తు అనుమతి కావాలి.

సాక్ష్యం చెప్పడం, పూజలు. ఆదివారం మందిరంలో వాక్యం చెప్పడానికి 25వ అధికరణం నీకు హక్కిచ్చింది. ఆఫీసు కుర్చీలో కూర్చుని కరపత్రం ఇవ్వడం వేరు. పింఛను కోసం వచ్చిన ముసలవ్వ వద్దనే స్థితిలో ఉండదు, అది ఒప్పించడం కాదు. మండల వాట్సాప్ గ్రూపులో వచనాలు పెట్టకు. హాస్టల్ పిల్లలకు ప్రార్థన నేర్పకు, సర్కారు డబ్బుతో నడిచే బడుల్లో మతబోధ 28వ అధికరణం నిషేధించింది. దసరాకు ఆఫీసులో ఆయుధపూజ జరుగుతుంది. పక్కన నిలబడు, అందరినీ పలకరించు, బొట్టు వద్దంటే చేతులు జోడించి నవ్వు, చాలు. చెర్వుగట్టు జాతరకో, మన్యంకొండకో, సలేశ్వరానికో డ్యూటీ పడితే అది నీళ్లు, క్యూలైన్లు, అంబులెన్సుల పని. అందరికన్నా ముందు వెళ్లు. జానపహాడ్ ఉర్సుకైనా అంతే. క్రిస్మస్, మరుసటి రోజు సెలవు ఎలాగూ ఉంది, ఆ రెండు రోజుల డ్యూటీలు మార్చుకోవడానికి మిగతా పండగలకు నువ్వు కూర్చుంటే ఎవరూ కాదనరు.

ఈ నెలలో చేయాల్సినవి నాలుగే. ఇంట్లో కూర్చోబెట్టి బీసీ-సి విషయం తెగ్గొట్టు, మీసేవ దరఖాస్తు పెట్టు, ఏడో తరగతి దాకా బోనఫైడ్లు ఒక ఫైలులో పెట్టు. నాలుగో పని గ్రూప్-2 పాత పేపర్లు నాలుగూ తీసుకుని ఏమీ చదవకుండా ఒకసారి రాసి చూడు, ఎక్కడున్నావో తెలుస్తుంది. నోటిఫికేషన్ పడ్డాక తహసీల్దార్ ఆఫీసు ముందు లైను గేటు దాటి రోడ్డు మీదికి వస్తుంది, అప్పుడు పోతే చదవాల్సిన పది రోజులు అక్కడే పోతాయి.